ఆవిరి మలుపులో జరిమానా

రాత్రి పదకొండు దాటాక ఆవిరి మలుపు దగ్గర హారన్ కొట్టకూడదంటారు. అద్దం దించకూడదంటారు. తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి చెయ్యెత్తితే మాత్రం బండి ఆపి తీరాలంటారు. ఆపకపోతే... ఆవిడ ఇక రోడ్డు మీద ఉండదు. మీ వెనక సీట్లో ఉంటుంది.

నేను పుట్టించిన మాట కాదిది. ఆ రోడ్డున తిరిగే లారీవాళ్ళని అడగండి, టాక్సీవాళ్ళని అడగండి, పాల వ్యానువాళ్ళని అడగండి. అందరిదీ ఒకటే పాట.

మలుపుకి ఒక పక్క పెద్ద లాండ్రీ ఉంది. ఇళ్ళల్లో బట్టలు కాదు — ఊళ్ళో ఆస్పత్రులన్నిటి దుప్పట్లు, దిండు గలీబులు అక్కడే ఉతుకుతారు. దాని వెనక గోడలోంచి ఆరు ఇనప గొట్టాలు రోడ్డు వైపుకి పొడుచుకొచ్చి ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగే వేళకి బాయిలర్లో మిగిలిన ఆవిరి వదిలేస్తారు. అప్పుడా గొట్టాలు ఒక్కసారిగా బుస్సుమంటాయి... రోడ్డు మీద తెల్లటి తెర పడుతుంది. తెర వెనక ఏముందో దగ్గరికెళితే తప్ప తెలీదు.

అలాంటి చోట నెమ్మదిగా పోవాలని వేరే చెప్పాలా? చెప్పారు. నలభై దాటొద్దని బోర్డు పెట్టారు. ఎవడూ చదవలేదు. కెమెరా పెట్టారు. వారం తిరక్కుండా దానికెవడో గోనెసంచి తొడిగాడు. రోడ్డుకి అడ్డంగా దిమ్మె కట్టారు. నడుములు పడిపోతున్నాయని బండ్లవాళ్ళు గోల చేస్తే అదీ పీకేశారు. ఆ తర్వాత అక్కడొక ఆడమనిషి చచ్చిపోయింది, దెయ్యమై తిరుగుతోందన్నారు. అంతే! ఆ రోజు నుంచి ఒక్కడైనా ఇరవై దాటితే ఒట్టు. మీసం మెలేసే లారీ డ్రైవరు కూడా అక్కడికొచ్చేసరికి అత్తారింటికొచ్చిన కొత్తకోడలిలా అడుగులో అడుగేస్తాడు.

బతికున్న మనిషిని గుద్దడానికి భయం లేదు వీళ్ళకి. చచ్చిన మనిషిని చూడ్డానికి భయం. ఏం జాతి అనుకోవాలండీ దీన్ని!

నేను ఆ మలుపుకి రెండు కిలోమీటర్ల దూరంలో గ్యారేజీ నడుపుతాను. మా అక్క మొగుడు క్రేన్ తోలుతాడు. ఎక్కడ బండి బోల్తా పడినా బావ వెళ్ళి లేపుకొచ్చి నా షెడ్డులో దించుతాడు. ఆ మలుపు మీద మా బావకెంత నమ్మకమంటే, లాండ్రీ గోడ మీద తన ఫోన్ నంబరు ఎర్ర రంగుతో మూరెడేసి అంకెల్లో రాసుకున్నాడు. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో సగం బావ చెప్పింది. మిగతా సగం ఆ మలుపులో పడ్డ ఒక కారాయన తన నోటితో తను చెప్పుకున్నది.

ఆ కారాయనకి మంచి పేరే ఉంది. మేం మాత్రం ‘నూటఇరవై’ అంటాం. టైల్స్ షోరూం ఆయనది. ఏ మాట మొదలుపెట్టినా తిరిగి తిరిగి స్పీడు దగ్గరికే వస్తాడు. “ఇంటి దగ్గర తాళం తిప్పానంటే షోరూం దగ్గరే తియ్యడం. ముల్లు నూటఇరవై దిగనివ్వను” అంటాడు. సరే, అలా రోజుకో పది నిమిషాలు మిగులుస్తాడు కదా, వాటితో ఏం ఉద్ధరిస్తాడు? షోరూం ముందు కుర్చీ వేసుక్కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటాడు. నా కళ్ళతో చూశాను.

ఆ పది నిమిషాల కోసమే ఒక మనిషిని చంపాడు.

లాండ్రీలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు పనిచేసేవాళ్ళు. అక్క ఉతికే యంత్రాల దగ్గర, చెల్లెలు ఇస్త్రీ దగ్గర. తోటివాళ్ళందరూ వాళ్ళని పెద్దక్క, చిన్నక్క అనేవాళ్ళు. షిఫ్టు దిగాక ఆడవాళ్ళంతా వెనక గేటులోంచి వచ్చి, రోడ్డు దాటి, అవతల ఆగి ఉన్న వ్యాను ఎక్కాలి. చిన్నక్క ముందుగా రోడ్డు మధ్యకెళ్ళి, ఇటొక చూపు అటొక చూపు చూసి, చెయ్యెత్తి నిలబడేది. అందరూ దాటాక చివర్న తను దాటేది. ఎవరూ అప్పజెప్పిన పని కాదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చూపు ఆనని వాళ్ళు ఉన్నారు కదా అని తనంతట తను పెట్టుకున్న పని.

మూడేళ్ళ కిందట ఒక రాత్రి పన్నెండు మంది దాటారు. చిన్నక్క దాటలేదు.

నూటఇరవై కారు ఆవిరి తెరలోంచి వచ్చి, చిన్నక్కని లేపి, ముప్ఫై అడుగుల అవతల పడేసింది. పెద్దక్క అప్పటికి వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది.

కోర్టులో ఏం జరిగిందో కూడా వినండి. బండి ఎంత స్పీడులో వచ్చిందని ఆడవాళ్ళని అడిగారు. “చాలా స్పీడుగా వచ్చింది” అన్నారు. నూటఇరవై వకీలు నవ్వాడట. “చాలా అంటే ఎంతమ్మా? గజం బద్ద పెట్టి కొలిచారా?” అన్నాడట. పెద్దక్క నోరు తెరవబోతే, ఆవిరిలో మీకేం కనపడుతుంది కూర్చోమన్నాడట. తర్వాత ఒక కాగితం తీశాడు. బండి నలభైలోనే వచ్చింది, తీరా సమయానికి బ్రేకులు ఫెయిలయ్యాయి, పైపు పగిలి ఆయిలంతా కారిపోయింది — అని ఒక మెకానిక్ సంతకం పెట్టిన కాగితం. దాంతో కేసు గాలి తీసిన టైరైపోయింది. జరిమానా. ఆరు నెలలు లైసెన్సు రద్దు. వెళ్ళిరండి.

ఆరు నెలలూ నూటఇరవై నడిచాడనుకున్నారా? శుభ్రంగా కారే నడిపాడు. అడిగిందెవరు? గడువు తీరి లైసెన్సు చేతికొచ్చిన రోజున స్నేహితులకి విందు కూడా ఇచ్చాడు. సిగ్గూ శరమూ అంగట్లో దొరికేవైతే కొనిచ్చేవాణ్ణి.

ఆ విందు సంగతి తెలిసిన రోజు మా షెడ్డు ముందు పెద్ద పంచాయితీ నడిచింది. పక్క కొట్లో బ్యాటరీలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు, మేం బ్యాటరీ తాత అంటాం. ఆయనా, బావా, నేనూ.

“బతికినన్నాళ్ళూ స్టీరింగు ముట్టనివ్వకూడదు” అన్నాడు తాత. “సైకిల్ కూడా.”

“ఆ బండిని వాడి కళ్ళముందే నుజ్జు చేసి, ఆ ఇనప ముద్ద వాడి గుమ్మంలో పెట్టాలి” అన్నాడు బావ. “పొద్దున లేస్తే అదే కనపడాలి.”

“ఇవన్నీ కాదు, ఉరి!” అన్నాన్నేను. నా గొంతే పెద్దది. “తెలిసి తెలిసి నూటఇరవైలో తోలినవాడికీ, కత్తి పట్టుకుని వీధిలోకొచ్చినవాడికీ తేడా ఏంటి? జరిమానా అంట, జరిమానా! దున్నపోతు మీద వానే కదా!”

తాత తల అడ్డంగా ఊపాడు. “ఉరేస్తే క్షణంలో అయిపోతుందిరా. ఆ గేటు దగ్గర నిలబెట్టి, రోజూ రాత్రి ఆ ఆడవాళ్ళని రోడ్డు దాటించమనాలి. పదేళ్ళు. అప్పుడు తెలుస్తుంది, ఎదురుగా బండి మీదికొస్తుంటే ఎలా ఉంటుందో.”

“శిక్షల సంగతి తర్వాత తాతా” అన్నాడు బావ. “బ్రేకులు ఫెయిలైతే వాడు మాత్రం ఏం చేస్తాడు అన్నారు కదా కోర్టులో. ఆ కాగితం ఉన్నంతకాలం వాడు నేరస్తుడు కాదు, దురదృష్టవంతుడు.”

నేను స్పానర్ వెతుక్కోవడానికి లోపలికెళ్ళిపోయాను.

దెయ్యం మాట పుట్టింది ఆ రోజుల్లోనే. ఆవిరిలో తెల్లకోటు కనపడిందని ఒకడు, చెయ్యెత్తిందని ఒకడు, అద్దంలో చూస్తే వెనక సీట్లో ఉందని ఇంకొకడు. ఈ మాట నూటఇరవై చెవిన కూడా పడింది. పైకి నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి ఆ మలుపు మొహం చూడలేదు. రైలు గేటు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికెళ్ళేవాడు, పదకొండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే. పది నిమిషాల కోసం మనిషిని చంపినవాడు రోజూ పావుగంట దండగ చేసుకున్నాడు — దెయ్యం కోసం!

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక రాత్రి రైలు గేటు దగ్గర పైపులకని రోడ్డు తవ్వేశారు. దారి లేదని డ్రమ్ములు అడ్డం పెట్టారు. నూటఇరవై కారాపి కాసేపు ఆలోచించాడట. వెనక్కి తిరిగి షోరూంలో పడుకుందామా అనుకున్నాడట. ‘నేనేంటి, భయపడ్డమేంటి’ అనుకున్నాడట. ఇక ఆవిరి మలుపు తప్ప వేరే దారి లేదు. అటు తిప్పాడు.

టైము పదకొండూ ఇరవై.

భయపడ్డవాడు మెల్లగా పోవాలి కదా? ఇంకెవడైనా అయితే పోతాడు. వీడు ఇంకా తొక్కాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ఆ మలుపు దాటేస్తే చాలనుకున్నాడు. తొంభై... నూరు... నూటపది...

లాండ్రీ గోడ మొదలైంది.

అప్పుడే — బుస్సుమని గొట్టాలు పేలినట్టయింది. ఎదురుగా తెల్లటి గోడ లేచింది. లైట్ల వెలుతురు దానికి తగిలి వెనక్కి కొట్టింది.

ఆ తెల్లదనంలో ఇంకా తెల్లగా... ఒక ఆకారం.

కోటు. నెత్తిన టోపీ. చెయ్యి పైకెత్తి ఉంది.

నూటఇరవై కెవ్వున అరిచి బ్రేకు మీద నిలబడ్డాడు. టైర్లు కీచుమన్నాయి. బండి అడ్డం తిరిగి, గోడని రాసుకుంటూ పోయి, ముందు చక్రం మురిక్కాలవలోకి దిగబడి ఆగింది. స్టీరింగులోంచి ఎయిర్ బ్యాగు పేలి మొహాన కొట్టింది. కళ్ళజోడు ఎటో ఎగిరిపోయింది. నోటి నిండా తెల్లటి పొడి.

ఇంజను ఆగిపోయింది. లైటు ఒకటే వెలుగుతోంది, అదీ కాలవలోకి. ఆయన పక్క తలుపు గోడకి ఆనుకుపోయింది. ఎడమ తలుపు సొట్టపోయి బిగుసుకుపోయింది. బెల్టు ఊడి రావడం లేదు.

చప్పుడు లేదు. బొట్టు బొట్టుగా ఏదో కారుతోంది, అంతే.

తర్వాత... అడుగులు.

తడి రోడ్డు మీద రబ్బరు చెప్పుల అడుగులు. తొందర లేదు. కారు చుట్టూ తిరిగి వెనక వైపుకి వెళ్ళాయి. ఆగాయి.

వెనక తలుపు తెరుచుకుంది.

సీటు కుంగింది. ఎవరో ఎక్కి కూర్చున్నారు.

నూటఇరవై తల తిప్పలేదు. తిప్పే ధైర్యమేది? అద్దంలోకి చూశాడు. కళ్ళజోడు లేని కళ్ళు. తెల్లటి కోటు, తెల్లటి టోపీ. మధ్యలో మొహం ఉందో లేదో తెలీడం లేదు. ఒక చల్లటి తడిచెయ్యి భుజం మీదుగా ముందుకొచ్చి బెల్టుని తడిమింది.

“నన్ను వదిలెయ్ తల్లీ...” అని ఏడుపు మొదలెట్టాడు. “ఆ రోజు కావాలని చెయ్యలేదు. నిన్ను చూడలేదు. నా పిల్లల మీద ఒట్టు.”

భుజం మీద చెయ్యి ఆగింది.

ఆ తర్వాత ఒక గుసగుస.

“ఎంత?”

బేరం వచ్చిందనుకున్నాడు! నిజమండీ. చచ్చిన మనిషి వచ్చి వెనక కూర్చుందని పూర్తిగా నమ్మినవాడు, ఆ మనిషితో కూడా బేరమాడొచ్చనుకున్నాడు.

“ఎంతైనా ఇస్తాను తల్లీ! కోర్టు వేసిన జరిమానాకి రెట్టింపు కడతాను. మూడింతలు. మీ అక్కకి పంపిస్తాను. నీ పేరు మీద లాండ్రీ వరండా అంతా కొత్త టైల్స్ వేయిస్తాను, జారనివి...”

“స్పీడు. ఎంత?”

“నలభై.”

అద్దంలో తెల్లటోపీ అడ్డంగా ఊగింది.

“యాభై ఉంటుందేమో. అరవై... అరవై లోపే.”

చెయ్యి భుజాన్ని కొంచెం నొక్కింది. కొంచెమే.

“తొంభై! తొంభై తల్లీ!”

“ఎంత?”

“నూటఇరవై.” అనేసి భోరుమన్నాడు. “నూటఇరవై. ఫోనులో మాట్లాడుతున్నాను. ఆవిరి చూశాను. చూసి కూడా తగ్గించలేదు. ఎప్పుడూ ఎవరూ ఉండరు కదా అనుకున్నాను.”

కొట్లో తూకం వేయించుకున్నట్టు ఒక్కొక్క పదీ కక్కాడు చూశారా? మనిషి ప్రాణం పోయిన చోట కూడా ముందు తక్కువ ధరే చెప్పాడు.

“బ్రేకులు?” అంది గుసగుస.

“బాగానే ఉన్నాయి. వెయ్యనే లేదు.”

“మరి కాగితం?”

“అది రాయించాను. ఒకడు రాసిచ్చాడు.”

“ఎవడు?”

చెప్పాడు. పేరు చెప్పాడు, ఎక్కడుంటాడో చెప్పాడు, ఎందుకు రాసిచ్చాడో కూడా చెప్పాడు. అడక్కుండానే అన్నీ చెప్పాడు. ఎదుటివాణ్ణి ఇరికించడంలో వాడికి స్పీడు ఎప్పుడూ తగ్గదు.

అంతలో మలుపు అవతల నుంచి పసుప్పచ్చ లైటు తిరుగుతూ వచ్చింది. మా బావ క్రేన్. దాని పెద్ద దీపం కారు మీద పడింది. గాలి మారి ఆవిరి విడిపోయింది.

నూటఇరవై పక్కకి చూశాడు... చూసి, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ఒకరు కాదు. రోడ్డు పొడుగునా తెల్లకోట్లు. తెల్లటోపీలు. పదిమంది, పన్నెండు మంది... కారు చుట్టూ నిలబడి, ఉలుకూ పలుకూ లేకుండా ఆయన్నే చూస్తున్నారు.

నూటఇరవైకి స్పృహ తప్పింది. ప్యాంటు తడిసింది కూడా. అది బావ చెప్పలేదు. మర్నాడు సీటు కడిగింది నేను కాబట్టి నాకు తెలుసు.

అసలు సంగతి ఇది. లాండ్రీ ఇచ్చిన తెల్లకోట్లతోనే రాత్రి షిఫ్టు దిగింది, అంతే. చెల్లెలు పోయాక రోడ్డు మధ్యలో చెయ్యెత్తి నిలబడే పని పెద్దక్క తీసుకుంది. డ్రైవర్లందరూ చూసి హడలిపోయిన దెయ్యం ఆవిడే. ఆవిడకీ ఆ మాట తెలుసు. “దెయ్యమనుకుంటే ఆగుతున్నారు. మనిషనుకుంటే ఆగరు. అనుకోనియ్యండి” అని తోటివాళ్ళతో అనేదట. ఆ గుసగుసకి కూడా మాయామర్మం లేదు. ఇరవై ఏళ్ళుగా సబ్బు సోడా ఆవిరి పీల్చిన గొంతు. గట్టిగా మాట్లాడ్డం చేతకాదు.

కారు పడగానే పరుగున వచ్చింది, లోపలున్నది ఎవరో తెలీక. ముందు తలుపు రాకపోతే వెనక నుంచి ఎక్కింది. బెల్టు ఊడదీద్దామని చెయ్యి చాపింది. ఆ గొంతు వినగానే గుర్తుపట్టింది. కానీ ఆయన గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? కోర్టులో ఆరు వాయిదాలకీ ఎదురు బెంచీ మీద కూర్చున్న మనిషిని ఒక్కసారైనా తలెత్తి చూస్తే కదా.

ఆడవాళ్ళలో ఒకావిడ గోడ మీద నంబరు చూసి బావకి ఫోను కలిపింది. చోటు చెప్పింది. కట్టెయ్యడం మర్చిపోయి, ఆ ఫోను చేత్తో పట్టుకునే తెరిచిన తలుపు దగ్గర నిలబడింది. బావ క్రేన్ తోలుకొస్తూ మొత్తం విన్నాడు. వినడమే కాదు. రమ్మన్నది ఎక్కడికో, ఒప్పుకున్నది ఎంతకో తర్వాత మాట మార్చే మహానుభావులు ఎక్కువ కాబట్టి, బావ ఫోనులో ప్రతి మాటా రికార్డవుతుంది.

నూటఇరవైని ఆస్పత్రికి పంపించారు. రెండు పక్కటెముకలు చిట్లాయి. మిగతాదంతా క్షేమం. ఇలాంటివాళ్ళకి మిగతాదెప్పుడూ క్షేమమే. ఏ ఆస్పత్రిలో ఆయన పడుకున్నాడో ఆ మంచం దుప్పటి కూడా వీళ్ళు ఉతికిందే.

కారు మాత్రం ఆ రాత్రే నా షెడ్డుకొచ్చింది.

పొద్దున్న ఏడింటికి నేను సీటు కడుగుతుంటే బావ వచ్చాడు. వెంట ఒకావిడ. కోటు లేదు, టోపీ లేదు. నలిగిన చీర, చేతులకి సోడా తిన్న తెల్లమచ్చలు. పెద్దక్కని అంత దగ్గరగా చూడ్డం నాకు అదే మొదటిసారి.

“రా బావా, కూర్చో. విన్నాను, ఊరంతా అదే మాట” అన్నాను. “పీడా విరగడైంది. ఇప్పుడైనా ఉరెయ్యాలి ఆ వెధవని. ఆ కాగితం రాసినవాణ్ణి కూడా పక్కనే...”

ఎందుకన్నానో నాకే తెలీదు. అలవాటైన గొంతు, దానంతటది వచ్చేసింది.

బావ ఫోను తీసి బానెట్ మీద పెట్టి నొక్కాడు. నలభై... అరవై... తొంభై... అంతా నడిచింది. “బ్రేకులు?” అన్న గుసగుస. “మరి కాగితం?” “ఎవడు?”

తర్వాత ఏడుపు కలిసిన నూటఇరవై గొంతు. “క్రేనాయన బావమరిది తల్లీ... రెండు కిలోమీటర్ల అవతల గ్యారేజీ. పైపు వాడే కోశాడు, వాడే రాశాడు. ఊరికే కాదు. షెడ్డంతా మట్టిగా ఉంది, గచ్చు కావాలన్నాడు. టైల్స్ వేయించాను.”

ఫోను ఆగిపోయింది.

ముగ్గురం కిందికి చూశాం.

బూడిదరంగు టైల్స్. నూనె మరక పడితే గుడ్డతో ఒక్క తుడుపుకి పోతుంది. మంచి సరుకు. అది వేయించుకున్నప్పుడు చుట్టుపక్కల గ్యారేజీలవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు.

“అప్పటికే ఆవిడ పోయింది కదా బావా” అన్నాను. “నేను రాయకపోతే ఇంకొకడు రాసేవాడు. మనిషైతే తిరిగి రాదు కదా అని...”

బావ నా వైపు చూడలేదు. మా అక్కని చేసుకుని పద్ధెనిమిదేళ్ళు. అన్నేళ్ళలో నా మొహం చూడకుండా మాట్లాడ్డం అదే మొదలు. “శిక్షల గురించి ఎంత బాగా చెప్పావురా ఆ రోజు” అన్నాడు.

నేను పెద్దక్క కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ వెనక్కి జరిగింది.

“లే” అంది గుసగుసగా. “నిన్ను తిట్టడానికి రాలేదు. ఉరులూ గిరులూ నాకు తెలీవు. ఎంత వెయ్యాలో వేసేవాళ్ళు చూసుకుంటారు. మా చెల్లి ఆవిరిలో అడ్డం వచ్చి, బ్రేకులు పడక చచ్చిందని రాసి ఉంది ఆ కోర్టు పుస్తకంలో. ఆ మాట కొట్టించాలి. వచ్చి చెప్తావా?”

నా అంతట నేనే వెళ్ళానని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు. పెద్దక్క ముందు నడిచింది, బావ వెనక నడిచాడు, మధ్యలో నేను. పశువుని సంతకి తోలుకెళ్ళినట్టు.

కేసు మళ్ళీ తెరిచారు. నూటఇరవై వకీలు ఈసారి నవ్వలేదు. భయపెట్టి చెప్పించారని వాదించాడు. భయపెట్టిందెవరయ్యా అని జడ్జిగారు అడిగితే, దెయ్యం అనలేక నీళ్ళు నమిలాడు. నేను బోనెక్కి, పైపు ఎలా కోశానో, కాగితం మీద ఏం రాశానో చెప్పాను. పెద్దక్క బెంచీ మీద కూర్చుని ప్రతి ముక్కా వింది. జడ్జిగారు పాత మాట కొట్టేయించి, నూటఇరవైలో వచ్చిన కారు గుద్దడం వల్లే చనిపోయిందని రాయించినప్పుడు మాత్రం ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. వాడికి మూడేళ్ళు జైలు, బతికినన్నాళ్ళూ స్టీరింగు ముట్టకూడదని తీర్పు. తాత వినగానే “మూడేళ్ళేనా” అన్నాడు.

నా వంతు మధ్యాహ్నం వచ్చింది. జైలుకి మూటా ముల్లే సర్దుకునే వెళ్ళాను, నిజం. దొంగ కాగితం రాసినందుకు, తనంతట తను ఒప్పుకున్నందువల్ల, మొదటి తప్పు కాబట్టి... అని ఏదో చదివారు. చివరి మాట జరిమానా.

కిందికెళ్ళి కిటికీ దగ్గర కట్టాను. లైనుతో కలిపి పది నిమిషాలు పట్టింది. గుమాస్తా రసీదు చింపి చేతిలో పెట్టాడు. నేను కదల్లేదు.

“ఇంతేనా?” అని అడిగాను.

“ఇంకేం కావాలయ్యా?” అన్నాడాయన, నా భుజం మీదుగా వెనకవాడి కాగితం అందుకుంటూ.